ఒకసారి గర్భం పోయాక మళ్లీ ప్రయత్నం: భయంతో ఎలా నెట్టుకురావాలి? భార్యాభర్తలు, ఇంటి పెద్దలు తెలుసుకోవాల్సిన విషయాలు

నెల తప్పింది. టెస్ట్ కార్డు మీద రెండు గీతలు వచ్చాయి. మామూలుగా అయితే ఆ రోజు ఇంట్లో మిఠాయి రావాలి. కానీ ఇంతకుముందు ఒకసారి గర్భం పోయిన ఇంట్లో ఆ గీతలు చూడగానే ముందు వచ్చేది సంతోషం కాదు. ‘ఈసారైనా నిలుస్తుందా?’ అన్న ప్రశ్న. కొందరికైతే ఆ గీతల దాకా కూడా అక్కర్లేదు. మళ్లీ ప్రయత్నిద్దాం అనుకున్న రోజే గుండె దడ మొదలవుతుంది. పిల్లలు కావాలని ఉంటుంది, గర్భం వస్తుందేమోనని భయమూ ఉంటుంది. రెండూ ఒకేసారి.

ఈ భయం గురించి మన ఇళ్లలో మాట్లాడుకోవడం తక్కువ. ‘అల్లాహ్ ఇచ్చాడు, అల్లాహ్ తీసుకున్నాడు, మర్చిపో’ అని ఒక మాట చెప్పి ఊరుకుంటారు. లేదంటే ‘నువ్వేం తిన్నావ్, ఎక్కడికి వెళ్లావ్’ అని లెక్కలు అడుగుతారు. ఈ రెండింటి మధ్య ఆ అమ్మాయి ఒంటరిగా మిగిలిపోతుంది. గర్భస్రావం ఎందుకు జరుగుతుంది, మళ్లీ ప్రయత్నించే ముందు ఏం చేయించుకోవాలి, ఎదురుచూసే రోజులు ఎలా గడపాలి, ఇంట్లోవాళ్లు ఏం చేయాలి అన్నవి ఒకచోట చెప్పడానికే ఈ వ్యాసం. ఇది డాక్టర్ సలహాకు బదులు కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఏం అడగాలో తెలియడానికి పనికొస్తుంది.

ముందుగా ఒక పదం గురించి

కడుపు లోపలి శిశువు బయట బతకగలిగే దశకు రాకముందే, సాధారణంగా 20 వారాల లోపు, గర్భం దానంతట అదే పోతే దాన్ని గర్భస్రావం అంటారు. ఉర్దూలో ‘హమల్ గిర్‌నా’ అంటాం. అయితే స్కానింగ్ రిపోర్టుల్లో, డిశ్చార్జ్ కాగితాల్లో డాక్టర్లు ‘స్పాంటేనియస్ అబార్షన్’, ‘మిస్డ్ అబార్షన్’ అని రాస్తారు. అబార్షన్ అన్న పదం చూసి ఇంట్లో పెద్దవాళ్లు కంగారు పడతారు. ‘ఏమైనా మాత్రలు మింగిందా’ అని అనుమానించేవాళ్లూ ఉంటారు.

వైద్య భాషలో అబార్షన్ అంటే కావాలని తీయించుకున్నది మాత్రమే కాదు. దానంతట అదే పోయినదాన్నీ అలాగే రాస్తారు. ‘మిస్డ్ అబార్షన్’ అంటే లోపల ఎదుగుదల ఆగిపోయింది, కానీ బ్లీడింగ్ ఇంకా మొదలవలేదు అని అర్థం. ఈ ఒక్క పదం వల్ల ఏ ఇంట్లోనూ కోడలి మీద నింద పడకూడదు.

లెక్క ఏం చెబుతోంది?

గర్భం వచ్చిందని తెలిసిన ప్రతి వంద మందిలో సుమారు 15 మందికి గర్భస్రావం అవుతుంది. ప్రపంచం మొత్తం మీద ఏటా సుమారు 2 కోట్ల 30 లక్షల గర్భస్రావాలు జరుగుతున్నాయని ‘లాన్సెట్’ వైద్య పత్రిక 2021లో అంచనా ప్రచురించింది. ఎక్కువ భాగం మొదటి 12 వారాల లోపే జరుగుతాయి. మన చుట్టాల్లో, మన వీధిలో ఎంతోమందికి ఇది జరిగే ఉంటుంది. చెప్పుకోరు కాబట్టి మనకొక్కరికే జరిగినట్టు అనిపిస్తుంది.

వయసుతో లెక్క మారుతుంది. నార్వేలో జరిగిన పెద్ద అధ్యయనం ఒకటి 2019లో వచ్చింది. అందులో 25 నుంచి 29 ఏళ్ల మధ్య స్త్రీలలో గర్భస్రావం వందలో పది మందికి మాత్రమే కనిపించింది. 30 దాటాక పెరుగుతూ వచ్చి, 45 దాటినవాళ్లలో సగానికి మించింది.

ఒకసారి పోయినంత మాత్రాన మళ్లీ పోతుందని కాదు. అవకాశం కొంచెం పెరిగే మాట నిజమే. అయినా ఒకసారి గర్భం పోయినవాళ్లలో చాలామందికి తర్వాతి గర్భం నిలుస్తుంది. వరుసగా మూడు, అంతకంటే ఎక్కువసార్లు పోవడం వంద జంటల్లో సుమారు ఒక జంటకే జరుగుతుంది. వాళ్లలో కూడా, పరీక్షలన్నీ చేసి ఏ కారణమూ దొరకనివాళ్లలో, తర్వాత బిడ్డను ఎత్తుకునేవాళ్లే సగం కంటే ఎక్కువ.

అయితే ఈ లెక్కలు భయాన్ని పూర్తిగా తీసేయవు. ‘ఆ పదిహేను మందిలో నేను ఒకదాన్ని కదా’ అని మనసు అంటుంది. అది సహజం. భయం చెప్పేంత పెద్దగా ప్రమాదం లేదని గుర్తు చేసుకోవడానికే లెక్క.

ఎందుకు జరుగుతుంది?

మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సగం లేదా అంతకంటే ఎక్కువ వాటికి కారణం క్రోమోజోముల లోపం. అండం, వీర్యకణం కలిసే దశలో, లేదా ఆ తర్వాత కణాలు విడిపోయే దశలో క్రోమోజోమ్‌ల సంఖ్య తప్పుతుంది. అలాంటి పిండం ఎదగలేదు. ఇది చాలావరకు అనుకోకుండా జరిగేదే. తల్లి ఎంత జాగ్రత్తగా ఉన్నా ఆపలేదు. ఆ లోపం తండ్రి వైపు నుంచి కూడా రావచ్చు కాబట్టి ‘లోపం అమ్మాయిలోనే’ అనే మాటకు ఆధారం లేదు.

మిగిలిన కారణాల్లో కొన్నిటికి వైద్యం ఉంది. అదుపులో లేని షుగర్, థైరాయిడ్ సమస్య, గర్భసంచి లోపల అడ్డుగోడ లాంటి నిర్మాణ లోపాలు, రక్తం త్వరగా గడ్డకట్టే ఏపీఎస్ అనే సమస్య, తల్లిదండ్రులిద్దరిలో ఒకరికి ఉండే క్రోమోజోమ్ మార్పు. పొగాకు, మద్యం, అధిక బరువు కూడా ప్రమాదాన్ని పెంచుతాయి. భర్త ఇంట్లో సిగరెట్ కాలిస్తే ఆ పొగ భార్యకూ చేరుతుంది. జర్దా పాన్, గుట్కా, ఖైనీ కూడా పొగాకే. అలవాటు ఎవరికి ఉన్నా ప్రయత్నం మొదలుపెట్టే ముందే మానేయాలి.

కారణం కానివి

మన ఇళ్లలో ఎక్కువగా వినిపించే నిందలు చూద్దాం. మెట్లు ఎక్కింది, ఆఫీసుకు వెళ్లింది, వంటింట్లో ఎక్కువసేపు నిలబడింది, కారం ఎక్కువ తిన్నది, ఏదో విని ఉలిక్కిపడింది, గ్రహణం రోజు బయటికొచ్చింది, భర్త దగ్గరికి వెళ్లింది. మామూలు గర్భంలో ఇవేవీ గర్భస్రావానికి కారణాలు కావు. బ్లీడింగ్ ఉన్నప్పుడో, మాయ కిందికి ఉన్నప్పుడో డాక్టర్ ప్రత్యేకంగా వద్దంటే అది వేరే విషయం.

బొప్పాయి సంగతి కూడా చెప్పాలి. పచ్చి బొప్పాయిలో పాలు ఉంటాయి కాబట్టి గర్భిణులు తినొద్దని డాక్టర్లు అంటారు. అంతేగానీ, ఒకరోజు బాగా పండిన బొప్పాయి రెండు ముక్కలు తిన్నందుకే గర్భం పోయిందని అనడం సరికాదు.

‘నేను ఎక్కువ టెన్షన్ పడ్డాను, అందుకే పోయింది’ అని చాలామంది తమను తామే తిట్టుకుంటారు. రోజువారీ కంగారు వల్ల గర్భం పోతుందని తేలలేదు. భయపడినందుకు మళ్లీ భయపడాల్సిన అవసరం లేదు.

నెలల తరబడి మంచం మీద పడుకోవడం గర్భాన్ని నిలబెడుతుందనే నమ్మకానికీ రుజువు లేదు. కదలకుండా ఉంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. తలలో ఆలోచనలూ పెరుగుతాయి.

దగ్గరి సంబంధం పెళ్లి అయితే?

మామ పిల్లలు, ఖాలా పిల్లలు, చాచా పిల్లల మధ్య పెళ్లిళ్లు మనలో ఉన్నాయి. తెలుగు నేల మీద మేనరికం ఇతరుల్లోనూ ఉంది. ఇలాంటి జంటకు గర్భం పోగానే ‘రక్తం ఒకటే, అందుకే’ అని తేల్చేస్తారు. ఇది సగం నిజం మాత్రమే. దగ్గరి సంబంధంలో తల్లిదండ్రులిద్దరూ ఒకే జన్యు లోపాన్ని మోసే అవకాశం ఎక్కువ. పుట్టుకతో వచ్చే లోపాలు మామూలుగా వంద మంది పిల్లల్లో 2 నుంచి 3 మందికి ఉంటే, ఇలాంటి పెళ్లిళ్లలో 4 నుంచి 6 వరకు ఉండొచ్చు. అంటే వందలో 94 మందికి పైగా పిల్లలకు ఆ లోపాలు ఉండవు. మొదటి నెలల్లో గర్భం పోవడానికి ప్రధాన కారణమైన క్రోమోజోమ్ సంఖ్య తప్పడానికీ, చుట్టరికానికీ సంబంధం లేదు.

అయినా డాక్టర్‌కు ఈ విషయం దాచకండి. గర్భాలు పదేపదే పోతున్నా, కుటుంబంలో పిల్లలకు జన్యు జబ్బులున్నా, తలసీమియా ఉన్నా జెనెటిక్ కౌన్సెలింగ్ తీసుకోవాలి. హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రిలో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. ఉస్మానియా యూనివర్సిటీకి చెందిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జెనెటిక్స్ కూడా ఈ పని చేస్తుంది.

మళ్లీ ఎప్పుడు ప్రయత్నించాలి?

ఆరు నెలలు ఆగాలని 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు సూచించారు. చాలామంది పెద్దవాళ్లు, కొందరు డాక్టర్లు ఇప్పటికీ అదే చెబుతారు. తర్వాత వచ్చిన అధ్యయనాల్లో, మొదటి నెలల్లో పోయిన గర్భం తర్వాత ఆరు నెలల లోపే మళ్లీ గర్భం వచ్చినా నష్టం కనిపించలేదు. అందుకే ఇప్పుడు చాలామంది డాక్టర్లు ఒక నెలసరి వచ్చి, ఒంట్లో ఓపిక వచ్చి, భార్యాభర్తలిద్దరికీ మనసు ఒప్పుకుంటే చాలంటారు. ఒక నెలసరి చూసుకోమనేది వారాల లెక్క సరిగా వేయడానికి.

రక్తం బాగా పోయి హిమోగ్లోబిన్ తగ్గినా, ఇన్ఫెక్షన్ వచ్చినా, ట్యూబులో గర్భం వచ్చి ఇంజెక్షన్‌తో వైద్యం జరిగినా, ముత్యాల గర్భం అయినా ఆగాల్సిన సమయం వేరు. డాక్టర్ చెప్పినంత కాలం ఆగాల్సిందే.

శరీరం సిద్ధమైనా మనసు సిద్ధంగా లేకపోతే ఆగడం తప్పేమీ కాదు. ‘వచ్చే ఈద్ నాటికి మనవడు కావాలి’ అనే గడువులు పెట్టకండి.

ప్రయత్నానికి ముందు చేయించుకోవాల్సినవి

హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్, బీపీ, బ్లడ్ గ్రూప్ చూపించుకోవాలి. షుగర్ ఉన్నవాళ్లు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5 లోపుకు తెచ్చుకున్నాక ప్రయత్నిస్తే మంచిది. షుగర్, బీపీ, మూర్ఛ, మానసిక సమస్యలకు మందులు వాడేవాళ్లు డాక్టర్‌కు చూపించాలి. కొన్ని మందులు మార్చాల్సి వస్తుంది. ఏ మందునూ సొంతంగా ఆపకూడదు.

భార్య బ్లడ్ గ్రూప్ నెగటివ్, భర్తది పాజిటివ్ అయితే కిందటిసారి గర్భం పోయినప్పుడు ‘యాంటీ-డీ’ ఇంజెక్షన్ ఇచ్చారో లేదో కాగితాల్లో చూడండి. అవసరమైనవాళ్లకు దాన్ని 72 గంటల్లోపు ఇస్తారు.

ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు గర్భం రాకముందే మొదలుపెట్టి కనీసం 12 వారాల దాకా వాడాలి. షుగర్ ఉన్నవాళ్లకు, మూర్ఛ మందులు వాడేవాళ్లకు, ముందు బిడ్డకు వెన్నెముక లోపం ఉన్నవాళ్లకు డోసు ఎక్కువ ఇస్తారు. ఇది శిశువు మెదడు, వెన్నెముక లోపాలను తగ్గిస్తుంది. గర్భస్రావాన్ని ఆపే మందు మాత్రం కాదు. మాత్ర వాడినా గర్భం పోతే ‘ఒకరోజు మర్చిపోయాను కాబట్టే’ అని బాధపడకూడదనే ఈ మాట చెబుతున్నా.

చాయ్ మానేయాల్సిన పని లేదు. కెఫీన్ రోజుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని నియమం. రోజుకు రెండు కప్పుల చాయ్ ఆ లెక్కలోపే ఉంటుంది. హోటల్ ఇరానీ చాయ్ చిక్కగా ఉంటుంది కాబట్టి ఒక కప్పుతో ఆపండి.

రెండు, అంతకంటే ఎక్కువసార్లు గర్భం పోతే ఏపీఎస్ రక్త పరీక్ష, థైరాయిడ్, గర్భసంచి స్కానింగ్, అవసరమైతే ఇద్దరికీ క్రోమోజోమ్ పరీక్ష రాస్తారు. ఏపీఎస్ ఉన్నట్టు తేలితే ఆస్పిరిన్, హెపారిన్ ఇస్తారు. ఇంతకుముందు గర్భం పోయి, ఈసారి మొదట్లోనే బ్లీడింగ్ కనిపించినవాళ్లకు ప్రొజెస్టరాన్ పనికొస్తుందని బ్రిటన్‌లో 2019లో వచ్చిన పెద్ద అధ్యయనం చూపించింది. ముఖ్యంగా మూడు, అంతకంటే ఎక్కువసార్లు పోయినవాళ్లలో ఆ లాభం స్పష్టంగా కనిపించింది. అలాగని గర్భం వచ్చిన ప్రతి ఒక్కరికీ ఆ ఇంజెక్షన్లు, మాత్రలు అక్కర్లేదు.

డబ్బు విషయంలో ఒక జాగ్రత్త. భయపడిన జంట ఏ పరీక్షకైనా, ఏ ప్యాకేజీకైనా ఒప్పేసుకుంటుంది. అందుకే ఖరీదైన పరీక్ష ఏది రాసినా మూడు ప్రశ్నలు అడగండి. దీనివల్ల ఏం తెలుస్తుంది? అది తెలిస్తే వైద్యం మారుతుందా? ఇప్పుడు చేయించకపోతే నష్టమేంటి? సూటిగా జవాబు రాకపోతే ఇంకో డాక్టర్‌ను అడగడం తప్పు కాదు. హైదరాబాద్‌లో పేట్లబుర్జు, కోఠి ప్రసూతి ఆసుపత్రులు, నిలోఫర్, గాంధీ ఉన్నాయి. విశాఖలో గోషా ఆసుపత్రి అని మనవాళ్లు పిలిచే విక్టోరియా ఆసుపత్రి ఉంది. జిల్లాల్లో ప్రభుత్వ జనరల్ ఆసుపత్రులున్నాయి. గర్భం వచ్చాక ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో పీఎంఎస్‌ఎంఏ పథకం కింద ఉచితంగా చూస్తారు. అది మొదలైంది 2016లో.

ఎదురుచూసే రోజుల్లో

అన్నిటికంటే కష్టమైనవి రెండు కాలాలు. నెలసరి వస్తుందా తప్పుతుందా అని చూసే రెండు వారాలు ఒకటి. టెస్ట్ పాజిటివ్ వచ్చాక మొదటి స్కానింగ్ దాకా ఉండే మూడు నాలుగు వారాలు ఇంకొకటి. అప్పుడు చేయాల్సిన పని ఏమీ ఉండదు. ఏమీ చేయలేకపోవడమే భయాన్ని పెంచుతుంది.

లండన్‌లోని మూడు ఆసుపత్రుల్లో ప్రారంభ దశలోనే గర్భం పోయిన స్త్రీలపై 2020లో ఒక అధ్యయనం ప్రచురితమైంది. నెల రోజుల తర్వాత వాళ్లలో దాదాపు నాలుగో వంతు మందికి గట్టి ఆందోళన ఉంది. తొమ్మిది నెలల తర్వాత కూడా వందలో 17 మందికి అది తగ్గలేదు. కాబట్టి ‘ఇంకా దాని గురించే ఆలోచిస్తున్నావా’ అని ఆరు నెలల తర్వాత అడగడం అన్యాయం. కొన్ని పద్ధతులు పనికొస్తాయి.

టెస్టులకు హద్దు పెట్టుకోండి. నెలసరి రావాల్సిన రోజుకు ముందే రోజూ టెస్ట్ కార్డులు వాడితే ఒకరోజు సంతోషం, ఒకరోజు ఏడుపు. నెల తప్పిన తర్వాతే చేయండి. పాజిటివ్ వచ్చాక గీత ముదురుగా ఉందా లేతగా ఉందా అని మళ్లీ మళ్లీ చూడటం వల్ల ఏమీ తెలియదు.

ఫోన్‌లో వెతకడం ఆపండి. రాత్రి పదకొండు గంటలకు ‘ఆరో వారం నడుంనొప్పి’ అని కొడితే వచ్చేవన్నీ భయపెట్టేవే. సందేహాలు ఒక కాగితం మీద రాసుకుని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఆలోచనలకు ఒక టైం కేటాయించండి. వినడానికి వింతగా ఉంటుంది కానీ మానసిక వైద్యులు వాడే పద్ధతే ఇది. రోజూ అసర్ తర్వాత ఒక పదిహేను నిమిషాలు అనుకోండి. భయాలన్నీ అప్పుడే ఆలోచించాలి, రాసుకోవాలి. మిగతా టైంలో భయం వస్తే ‘అసర్ తర్వాత చూద్దాం’ అని పక్కన పెట్టాలి. మొదట్లో కుదరదు. వారం పది రోజుల్లో కొంత అలవాటవుతుంది.

ఎవరికి చెప్పాలో ముందే నిర్ణయించుకోండి. మూడో నెల దాకా ఎవరికీ చెప్పకూడదని మన దగ్గర ఆనవాయితీ. నలుగురికీ చెప్పకపోవడం మంచిదే. కానీ ఎవరికీ చెప్పకపోతే, ఏదైనా అయితే ఏడవడానికి కూడా ఎవరూ ఉండరు. అమ్మీకో, ఆపాకో, నోరు జారని ఒక స్నేహితురాలికో చెప్పి ఉంచండి.

స్కానింగ్ ఎప్పుడో తెలుసుకోండి. లోపలి నుంచి చేసే స్కానింగ్‌లో గుండె చప్పుడు ఆరు ఏడు వారాలకు కనబడుతుంది. మరీ తొందరపడి అయిదో వారంలో వెళ్తే ఏమీ కనబడక అనవసరంగా భయపడతారు. ఎనిమిదో వారంలో గుండె చప్పుడు బాగుందని తెలిస్తే గర్భం పోయే ప్రమాదం బాగా తగ్గుతుంది. ఆ రోజు భర్త పక్కన ఉండాలి.

కిందటిసారి పోయిన వారం దగ్గరపడుతుంటే భయం ఎక్కువవుతుంది. ఆ వారంలో ఒక చెకప్ పెట్టమని డాక్టర్‌ను అడగండి.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సినప్పుడు

కొద్దిగా మరకలు కనిపించడం చాలా గర్భాల్లో ఉంటుంది, అన్నీ పోవు. అయినా డాక్టర్‌కు ఫోన్ చేయాలి. గంటకో ప్యాడ్ తడిసిపోయేంత బ్లీడింగ్, కడుపులో ఒక పక్క విపరీతమైన నొప్పి, భుజం చివర నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, జ్వరంతో దుర్వాసన ఉంటే ఆలస్యం చేయొద్దు. ట్యూబులో గర్భం ప్రాణం మీదికి తెస్తుంది. రెండు రాష్ట్రాల్లోనూ 108కి ఫోన్ చేయండి. మగ డాక్టర్ ఉన్నారని, ఇంట్లో మగవాళ్లు లేరని ఆగకండి. ప్రాణం కాపాడుకోవడమే ముందు.

నిద్ర రెండు వారాలకు పైగా పట్టకపోయినా, తిండి సహించకపోయినా, గుండె దడ, ఊపిరాడనట్టు పదేపదే వస్తున్నా, భర్తను దగ్గరికి రానివ్వలేనంత భయం ఉన్నా, బతకాలని లేదన్న ఆలోచన వచ్చినా అది ఇక ఓర్చుకోవాల్సిన విషయం కాదు. వైద్యం అవసరం. టెలీ మానస్ నంబర్ 14416. 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఉచిత సేవ ఇది. రాత్రి పగలు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

భర్తకు, అత్తమామలకు

భర్త కూడా బిడ్డను పోగొట్టుకున్నవాడే. కానీ అతన్ని ఎవరూ అడగరు. ‘నువ్వు ధైర్యంగా ఉండు, ఆమెను చూసుకో’ అంటారు. దాంతో అతను లోపల దాచుకుంటాడు. అతనికి పట్టింపు లేదని భార్య అనుకుంటుంది. ఒకరోజు కూర్చుని ‘నాకూ భయంగానే ఉంది’ అని చెప్పుకుంటే ఇద్దరికీ సగం బరువు తగ్గుతుంది. గల్ఫ్‌లో ఉండే భర్తలు స్కానింగ్ రోజు, రిపోర్ట్ వచ్చే రోజు ఫోన్‌లో అందుబాటులో ఉండాలి. సెలవులో వచ్చిన నెల, రెండు నెలల్లోనే గర్భం రావాలన్న ఒత్తిడి ఆ జంటలకు అదనం. ఆ సంగతి పెద్దవాళ్లు గుర్తుంచుకోవాలి.

అత్తమ్మలకు ఒక మనవి. మీరు అనే మాటకు ఆ ఇంట్లో ఎంత బరువుందో కోడలికి తెలుసు. ‘ఫలానా వాళ్ల కోడలికి ఇద్దరు’, ‘డాక్టర్లకే పోస్తున్నాం డబ్బులు’, ఇంకా ముందుకెళ్లి రెండో పెళ్లి మాట. ఇవి విన్న అమ్మాయి ప్రతి నెలా పరీక్ష రాసినట్టే బతుకుతుంది. గర్భం నిలబెట్టుకోవడం ఆమె చేతిలో లేని పని. చేతిలో లేని పనికి శిక్ష వేయడం జుల్మ్. మీకు కూడా అలాంటి రోజు వచ్చి ఉంటే ఆ సంగతి ఆమెకు చెప్పండి. చాలా ఇళ్లలో అత్తమ్మకూ గర్భం పోయి ఉంటుంది. ఎప్పుడూ చెప్పి ఉండదు. ఆ ఒక్క మాట డాక్టర్ మాటకంటే ఎక్కువ ధైర్యమిస్తుంది.

దీన్ వైపు నుంచి

ఏడిస్తే సబ్ర్ పోతుందని కొందరంటారు. దైవప్రవక్త (స) తన చిన్నారి కుమారుడు ఇబ్రాహీమ్ చనిపోయినప్పుడు కన్నీళ్లు పెట్టుకున్నారు. దుఃఖం సబ్ర్‌కు వ్యతిరేకం కాదు. హజ్రత్ జకరియా (అలైహిస్సలామ్) ముసలితనంలో బిడ్డ కోసం దుఆ చేశారు, తన భయాన్ని, బలహీనతను దాచకుండా చెప్పుకున్నారు. భయంతో దుఆ చేయడం ఈమాన్ తక్కువై కాదు. తవక్కుల్ అంటే మాత్ర మానేసి కూర్చోవడం కూడా కాదు. మన చేతిలో ఉన్నది చేసి, ఫలితాన్ని అల్లాహ్‌కు వదిలేయడం.

నజర్ నిజమని మన నమ్మకం. కానీ ఆ పేరుతో ఆడపడుచునో, పిల్లలు లేని పొరుగింటామెనో వేలెత్తి చూపడానికి ఎవరికీ హక్కు లేదు. తావీజ్ విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయాలున్నాయి, అది వాళ్లకే వదిలేద్దాం. డాక్టర్ మందులు ఆపేయమని చెప్పేవాడు, ఎవరో చేతబడి చేశారని పేరు చెప్పేవాడు, వేలకు వేలు అడిగే ఆమిల్ ఎవరైనా సరే, వాళ్ల గుమ్మం తొక్కకండి.

నమాజ్ గురించి అడగడానికి చాలామంది సిగ్గుపడతారు. మన ప్రాంతంలో ఎక్కువమంది పాటించే హనఫీ ఫిఖ్‌లో, పోయిన పిండానికి అవయవాల ఆకారం ఏర్పడి ఉంటే తర్వాత వచ్చే బ్లీడింగ్‌ను నిఫాస్‌గా లెక్కిస్తారు. అది గరిష్ఠంగా 40 రోజులు. ఆకారం ఏర్పడక ముందే పోతే లెక్క వేరు. ఎన్ని వారాలో రిపోర్ట్ చూసి ముఫ్తీ సాబ్‌కు చెప్పి అడగండి, కావాలంటే భర్తతో అడిగించండి. ఆకారం ఏర్పడిన బిడ్డను గుడ్డలో చుట్టి గౌరవంగా దఫన్ చేస్తారు. దానికోసం ఆసుపత్రివాళ్లకు ముందే చెప్పాలి. వీడ్కోలు సరిగా ఇచ్చామన్న తృప్తి కూడా తర్వాతి గర్భంలో భయాన్ని కొంత తగ్గిస్తుంది. రంజాన్‌లో గర్భం వస్తే, తనకో బిడ్డకో హాని అవుతుందని డాక్టర్ చెబితే రోజా వదిలి తర్వాత ఖజా చేసుకునే వెసులుబాటు షరీఅతే ఇచ్చింది.

ఉద్యోగం చేసేవాళ్లకు

గర్భం పోయినప్పుడు జీతంతో ఆరు వారాల సెలవు చట్టం ఇచ్చిన హక్కు. 1961 ప్రసూతి ప్రయోజన చట్టం తొమ్మిదో సెక్షన్‌లో దీన్ని పెట్టారు. 2020 సామాజిక భద్రత కోడ్‌లోనూ అదే ఆరు వారాలు కొనసాగించారు. దానివల్ల జబ్బు చేస్తే ఇంకో నెల దాకా అడగొచ్చు. డాక్టర్ సర్టిఫికెట్ కావాలి. ఈఎస్‌ఐ ఉన్నవాళ్లు ఈఎస్‌ఐ ద్వారా తీసుకోవాలి. స్కూళ్లలో, షాపుల్లో, ప్రైవేట్ ఆఫీసుల్లో పనిచేసే మన అమ్మాయిల్లో చాలామందికి ఇది తెలియక మూడో రోజే డ్యూటీకి వెళ్తున్నారు.

గుర్తుపెట్టుకోవాల్సినవి

ఒకసారి గర్భం పోయినవాళ్లలో ఎక్కువమందికి తర్వాతిది నిలుస్తుంది. మొదటి నెలల్లో పోవడానికి ఎక్కువగా కారణం క్రోమోజోములు, ఆమె చేసిన పని కాదు. షుగర్, థైరాయిడ్, రక్తహీనత చూపించుకోవడం, ఫోలిక్ యాసిడ్ వాడటం, పొగాకు మానడం మన చేతిలో ఉన్నవి. రెండుసార్లు పోతే ఇద్దరూ పరీక్షలకు వెళ్లాలి. భయం నిద్రనూ తిండినీ చెడగొడుతుంటే 14416కు ఫోన్ చేయాలి.

ఈ వ్యాసాన్ని భార్య ఒక్కతే చదివి ఊరుకుంటే సగం లాభమే. భర్తకు వినిపించండి. కుదిరితే భోజనాల తర్వాత ఇంట్లో పెద్దవాళ్లు కూర్చున్నప్పుడు ఎవరో ఒకరు పైకి చదవండి. ‘ఏం తిన్నావ్’ అన్న ప్రశ్న ఆ ఇంట్లో మళ్లీ వినబడకపోతే, వచ్చేసారి ఆ రెండు గీతలు చూసే అమ్మాయికి కొంచెం తక్కువ భయం వేస్తుంది, ఇన్షా అల్లాహ్.